ఖాళీ ఇంట్లో రేడియో

నేను ఒక రేడియోను. నల్ల ప్లాస్టిక్ ఒళ్ళు, సగంలో విరిగిన ఏరియల్. ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో వరసగా కూర్చున్న ఆడపిల్లలు తల ఎత్తకుండా నా తీగలు అతికించారు. వాళ్ళ పేర్లు నా మీద ఎక్కడా లేవు. కంపెనీ పేరు మాత్రం వెండి అక్షరాల్లో ఉంది. లోకం తీరు నాకు అక్కడే అర్థమైంది.

కువైట్ నగరంలో ఒక పెద్దింటాయన నన్ను కొన్నాడు. హాల్లోకి పెద్ద టేప్‌రికార్డర్ రాగానే నన్ను వంటింట్లోకి తోశారు. అక్కడ ఇద్దరు పనివాళ్ళు. ఒకామె రాయచోటి వైపు నుంచి వచ్చిన ఓబుళమ్మ, రెండో ఆమె శ్రీలంక నుంచి వచ్చిన కాంతి. యజమానురాలిని "మామా" అనీ, యజమానిని "బాబా" అనీ పిలవాలి. అది ఆ ఇళ్ళ పద్ధతి. మొదటిసారి విన్నప్పుడు ఓబుళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆడమనిషిని మామా అనల్లంట! మా ఊర్లో ఇంటే నన్ను యెర్రిదంటారు."

కాంతికి తెలుగు రాదు. అయినా ఓబుళమ్మతో కలిసి పడీపడీ నవ్వింది.

ఆగస్టు నెలలో ఒక తెల్లవారుజామున పక్క దేశం సైన్యం ఊళ్ళోకి దిగింది. బాబా, మామా, పిల్లలు, నగల పెట్టె, పంజరంలో చిలక, అన్నీ కారెక్కాయి. చిలకకు చోటు దొరికింది. "ఇల్లు జాగ్రత్త, నాలుగు రోజుల్లో వస్తాం" అని మామా గేటుకు బయట తాళం వేసింది. ఆడవాళ్ళిద్దరి పాస్‌పోర్టులూ ఇనప్పెట్టెలో ఉండిపోయాయి. ఇనప్పెట్టె తాళంచెవి, గేటు తాళంచెవి కారులో పోయాయి.

ఆ తర్వాత నేను మాట్లాడుతూనే ఉన్నాను. అది నా బతుకు. చమురు ధర చెప్పాను. ఏ దేశం ఎన్ని ఓడలు పంపిందో చెప్పాను. పెద్దమనుషులు ఏ ఊళ్ళో సమావేశమై ఏం తీర్మానించారో గంటగంటకూ చెప్పాను. తాళం వేసిన ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు బియ్యప్పిండి నీళ్ళలో కలుపుకుని తాగుతున్నారని ఏ భాషలోనూ ఎవరూ నా చేత చెప్పించలేదు. నా నోటిని వాడుకున్న వాళ్ళందరి మీదా నాకు ఇప్పటికీ మంటే.

పిండి కూడా అయిపోయిన రోజున కాంతి గోడ ఎక్కింది. ఖుబూస్ రొట్టెలు ఏమన్నా దొరుకుతాయేమో చూసొస్తానని సైగ చేసింది. ఓబుళమ్మ వంగి వీపు ఇచ్చింది. కాసేపటికి వీధి మలుపులో కాల్పులు వినిపించాయి. కాంతి తిరిగి రాలేదు. ఆ తర్వాత సైనికులు గేటు తాళం పగలగొట్టుకుని వచ్చి వెండి సామాను ఎత్తుకుపోయారు. ఓబుళమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని ఖాళీ పిండి డబ్బాల వెనక నక్కి ప్రాణం దక్కించుకుంది. ఆపైన ఆ వీధిలో మిగిలినవాళ్ళు పెట్టింది తిని, యుద్ధం అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉంది.

యుద్ధం ముగిశాక మామా వచ్చింది. ముందు తివాచీలు తిరగేసి చూసుకుంది. తర్వాత అల్మారా చూసింది. ఆఖరికి కాంతి ఏదని అడిగింది. ఓబుళమ్మ తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో ఏడుస్తూ అంతా చెప్పింది. మామా వినిపించుకోలేదు. "పారిపోయింది" అని పోలీసులకు చెప్పి చేతులు దులుపుకుంది. అక్కడ పనిమనిషి గడప దాటి తిరిగి రాకపోతే ఆ ఒక్క మాటే. చచ్చిపోయినా అదే మాట. కారెక్కి సరిహద్దు దాటినవాళ్ళు మాత్రం పారిపోలేదు. వాళ్ళు "తరలివెళ్ళారు".

నా గొంతు గరగరలాడుతోందని నన్ను చెత్తలో పారేశారు. ఓబుళమ్మ నన్ను ఏరుకుని తన ఊరు తెచ్చుకుంది. ఏళ్ళకేళ్ళు గూట్లో దుమ్ము పట్టి కూర్చున్నాను.

మొన్న చలికాలంలో ఆమె మళ్ళీ కువైట్ వెళ్ళింది. అక్కడ నర్సుగా చేస్తున్న చెల్లెలి కూతురు మల్లేశ్వరి రమ్మంటే చుట్టపుచూపుగా వెళ్ళింది. అక్కడి తెలుగువాళ్ళు సెలవురోజున యుద్ధం నాటి వీధుల్ని నడిచి చూసే కార్యక్రమం పెట్టుకున్నారు. ఆ కాలపు వస్తువులు ఉంటే ప్రదర్శనలో పెట్టడానికి తెమ్మన్నారని మల్లేశ్వరి ముందే ఫోన్లో చెప్పింది. అందుకే నేనూ సంచిలో బయల్దేరాను.

దారి చూపేవాడు శేషగిరి, కోనసీమ ఇంజనీరు. కాలిన బజారు ఉన్నచోట అద్దాల మేడ చూపించాడు. తూటాలు తిన్న గోడ పక్కన అందరికీ కాఫీ తాగించాడు. తర్వాత మా ఇంటి ముందు ఆగాడు.

"ఈ తూటాల గుర్తులు అలాగే ఉంచేశారండి. ఆ ఏడు నెలలూ ఇల్లు ఖాళీయేనండి, పాపం. పనిమనిషొకత్తి సందు దొరికింది కదాని వెండి సామాను మూటగట్టుకుని పారిపోయిందటండి!"

అందరూ నవ్వారు. ఓబుళమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఎవురు పారిపోయింది సామీ?"

"పనిమనిషండి."

"ఇంటోళ్ళు యాడుండిరి?"

"సౌదీ వెళ్ళిపోయారండి. ప్రాణభయం కదండీ."

"మడి వాళ్ళు గదా పారిపోయింది?"

మల్లేశ్వరి సిగ్గుతో చెయ్యి లాగింది. "పెద్దమ్మా, ఊరుకో."

"నువ్వుండుమ్మే. ఇల్లు ఖాళీ అంటాండాడు! నేనాడనే ఉంటి. దాని పేరు కాంతి. నా ఈపు మీద కాలు పెట్టి గోడెక్కింది, రొట్టెల కోసరం. ఆ పేరు ఈడ అందరికీ ఇనపడేటట్టు చెప్పు సామీ. దొంగ కాదని చెప్పు."

అంటూ నన్ను బయటికి తీసి చూపించింది. శేషగిరి కళ్ళు మెరిశాయి.

"ఈ ఇంటిదేనాండీ! మన ప్రదర్శనలో నడిమధ్యన పెడదామండి. కింద అట్టముక్క మీద ఇంటివాళ్ళ పేరు రాసి..."

"కాంతి పేరు?"

"అట్ట చిన్నదండి, చోటు చాలదు. పైగా ఇంటివాళ్ళు నొచ్చుకుంటే రేపట్నించి మనల్ని రానివ్వరండి."

"సోటు ల్యాకుంటే ఇంటామె పేరు కొట్టెయ్."

శేషగిరి ఒక్కడే నవ్వాడు. ఎండెక్కుతోంది, పదండి పదండి అన్నాడు. ఓబుళమ్మ నన్ను మళ్ళీ సంచిలో వేసుకుంది. మల్లేశ్వరి టాక్సీ పిలవబోయింది. ఓబుళమ్మ ఒప్పుకోలేదు. గుంపు వెనకే నడిచింది.

పక్క ఇంటి ముందు శేషగిరి గొంతు సవరించుకున్నాడు. "వీళ్ళు ముత్యాల వ్యాపారస్తులండి..."

"ఈ ఇంట్లో పనికెవురుండిరి సామీ?"

తెలీదండి అన్నాడు. తర్వాతి ఇంటి దగ్గరా ఆమెది అదే ప్రశ్న, ఆయనది అదే జవాబు. ఫొటోలు తీసుకుంటున్నవాళ్ళు ఫోన్లు దించారు.

ఆ పై ఇంటి దగ్గర శేషగిరి గేటు వంక చెయ్యి చూపించాడు. ఓబుళమ్మ ఇంకా వెనకే నడిచొస్తోంది.

"ఈ ఇంట్లో పనికెవరుండేవాళ్ళు సార్?" అని అడిగింది మల్లేశ్వరి.

వీధి చివరిదాకా ఇంకా చాలా ఇళ్ళున్నాయి.