పావు చుట్టు

మా బావ గుండయ్యకు లోకంలో ఏ మెకానిక్ మీదా నమ్మకం లేదు. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒకసారి ఎవడో పాత ఫిల్టర్‌నే తుడిచి మళ్లీ పెట్టాడని తెలిసినప్పటి నుంచి తన కారుకు ఆయిల్ తనే మారుస్తాడు. శాలిబండలోని ఆ ఇరుకు గల్లీలో కారు ముందు చక్రాలు ఇటుకల మీదికెక్కించి, కింద తట్ట పెట్టి, లుంగీ ఎగ్గట్టి పడుకున్నాడంటే వచ్చేపోయేవాళ్లు గోడకు రాసుకుంటూ నడవాల్సిందే. ఆయనతో వాదించి గెలిచింది మా అక్క లీలమ్మ ఒక్కతే.

ఆ కారు ఇప్పుడు షికార్లకు కాదు. అక్క కిడ్నీలు పాడయ్యాక డయాలసిస్‌కు వెళ్లేదీ వచ్చేదీ అందులోనే. ఈ దసరాకు సెంటర్ మూసేసి, ఆమె వంతు మరునాటికి జరిపారు. ఒంట్లో నీరు చేరితే ఊపిరాడదు, నీళ్లు బాగా తగ్గించుకోమని మరీమరీ చెప్పి పంపారు. పండుగ పూట నోరు కట్టుకోవడం మా అక్కకు ఎన్నడు చేతనైంది గనుక.

దసరా పొద్దున్నే బావ ఆయిల్ మార్చడానికి దిగాడు. మనుషులకు కొత్త బట్టలైతే బండికి కొత్త ఆయిల్ అని ఆయన లెక్క. పండక్కని వెళ్లిన నేను గడప మీద కూర్చుని చూశాను. ఈ కారు ఫిల్టర్ ఇనుప డబ్బాలా బయటికి కనిపించదు. ఇంజన్ పైన ప్లాస్టిక్ మూత, దాని కింద గూట్లో మడతలు మడతలుగా కాగితపు ఫిల్టర్. ఆ మూత విప్పాలన్నా బిగించాలన్నా దాని కొలతకే చేసిన కప్పులాంటి పానా కావాలి. బావ పాత ఆయిల్ దింపాడు. నల్లగా మారిన కాగితం తీసి కొత్తది పెట్టాడు. మూతకున్న రబ్బరు రింగు మార్చి, వేలితో దానికి ఆయిల్ రాసి, మూతను చేత్తోనే తిప్పి కూర్చోబెట్టాడు. కొత్త ఆయిల్ పోశాడు. ఇక పానాతో చివరి పావు చుట్టు బిగిస్తే పని అయిపోయినట్టే, అది లేకుంటే బండి జోరందుకోగానే ఆయిల్ బయటికి చిమ్ముతుంది. చేతులు జిడ్డుగా ఉన్నాయని కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

ఈలోపు అక్క వచ్చి పానాలన్నీ పళ్లెంలో వేసుకుని పోయింది. ఆయుధ పూజ. మా ఇళ్లలో ఆ రోజు పనిముట్లను దేవుడి ముందు పెడితే మర్నాడు పొద్దున దాకా ఎవరూ ముట్టరు. బావ వచ్చేసరికి ఆ కప్పు పానాకు పసుపు రాసి బొట్టు కూడా పెట్టేసింది.

“ఇంకో పావు చుట్టు ఉండె లీలా,” అన్నాడు బావ.

“రేపు పొద్దుగాల తిప్పు. ఇయ్యాల బండి యాడికి పోతది?”

“యాడికీ పోదు తియ్యి,” అని నవ్వి, బానెట్ మూసి, కారును ఇటుకల మీది నుంచి కిందికి తోసి, బంతిపూల దండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

భోజనాలయ్యాక అక్కకు ఆయాసం మొదలైంది. ముందు గోడకానుకుని కూర్చుంది. కాసేపటికి మాట మధ్యలో ఆగి గాలి కోసం నోరు తెరవసాగింది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ఊరేగింపుల వల్ల ఆలస్యమవుతుందన్నారు. రోడ్డు మీదికి పరుగెత్తి చూశాను, ఖాళీ ఆటో ఒక్కటీ లేదు. తిరిగొచ్చి నేరుగా దేవుడి గదిలోకి వెళ్లి ఆ కప్పు పానా మీద చెయ్యి వేశాను.

“ముట్టకు జగదీశూ,” అంది అక్క.

“పిచ్చి లేసిందా అక్కా నీకు? బావా, నువ్వన్న చెప్పు.”

బావ చెప్పబోయాడు. అక్క ఆయన వైపు తిరిగింది. “అప్పుడు గూడ దసరా నాడే పూజల పెట్టిన పానా తీస్తివి. బండి ఆగిందని తీస్తివి. ఆ ఏడే గద నాకు గిట్లాయె.”

ఆ మాట ఆమె మనసులో ఇన్నాళ్లు ఉందని మా ఎవరికీ తెలియదు. కిడ్నీలు షుగర్ వల్ల పోయాయని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు, ఆమె తలూపుతూనే ఉంది.

“షుగర్ తోని పోయినయ్ అక్కా,” అన్నాను.

“రేపు పొద్దుగాల తియ్యమను,” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పానా లాక్కుని వెళ్లేవాణ్ణే. బావ నా మణికట్టు పట్టుకుని, నెమ్మదిగా పానాను తిరిగి పళ్లెంలో పెట్టించాడు. బయటికి వెళ్లి బానెట్ తెరిచి, మూతకు గుడ్డ చుట్టి, మెడ నరాలు ఉబ్బేదాకా చేత్తోనే బిగించాడు. ఇంజన్ స్టార్ట్ చేసి వంగి చూశాడు.

“కారుతలేదు. పోదాం పా.”

చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. చార్మినార్ జనాన్ని తప్పించుకుని సందుల్లోంచి తిప్పాడు, ఖాళీ దొరికిన చోటల్లా గట్టిగా తొక్కాడు. వెనుక సీట్లో అక్క తల నా భుజం మీద ఉంది, ఆమె ఛాతీలో నీళ్లు ఉడుకుతున్నట్టు చప్పుడు. మదీనా చౌరస్తా దగ్గర ఆయిల్ ఎర్రదీపం వెలిగింది. కాలిన వాసన కారులోకి వచ్చింది. అద్దంలోంచి చూస్తే మా వెనుక రోడ్డు మీద నల్లటి చార.

“ఆయిలంతా పోతుంది బావా.”

“ఇంజన్ పోతే పోనీ. ఆమె అందాలె.”

నయాపూల్ వంతెన మీదికెక్కాక ఇంజన్ గడగడా కొట్టుకుని, ఒక్క కుదుపుతో పట్టేసింది. బావ తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఎదురొచ్చిన ఆటో ఆగింది. “అమ్మీ కో ఇస్మే బిఠావ్ భాయ్,” అంటూ డ్రైవర్ ఆటోలో కూర్చున్న సవారీలను దింపేశాడు. ముగ్గురం కలిసి ఆమెను ఎత్తి కూర్చోబెట్టాం. ఆస్పత్రి గేటు కనిపిస్తుండగా నా చేతిలో అక్క చెయ్యి బరువెక్కింది. డాక్టర్ చూసి, దారిలోనే పోయిందన్నాడు.

పొద్దుపోయే వేళకు కారును ఎవరో తాడు కట్టి లాక్కొచ్చి గల్లీలో వదిలారు. బంతిపూల దండ ఇంకా దానికే ఉంది.

మర్నాడు తెల్లారేసరికి ఇల్లంతా చుట్టాలు. బావ రాత్రంతా అక్క తలాపునే కూర్చున్నాడు. ఎండ గడప మీద పడగానే లేచాడు. దేవుడి గదిలోకి వెళ్లి ఆ కప్పు పానా తెచ్చాడు. పసుపు, కుంకుమ అలాగే ఉన్నాయి. బానెట్ ఎత్తి, మూతకు తగిలించి తిప్పాడు. అది పావు చుట్టు తిరిగి ఆగింది.

నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. “ఇంజనే పాయె బావా. ఇప్పుడెందుకు?”

ఆయన పానా మీది పసుపు చెరగకుండా రెండు చేతులతో పట్టుకుని నా వైపు చూశాడు.

“రేపు పొద్దుగాల తిప్పుమన్నది గద,” అన్నాడు.