అక్క వయసు

యాభై ఎనిమిదేళ్ళకే చేతులు వణుకుతాయట! ఉత్తరంలో అలా రాసి మరీ ఎలీసబెతును పనిలోంచి తీసేశాడు డాక్టర్ విద్యాధర్. మంచిర్యాలలో వాళ్ళ నాన్న పెట్టిన ఆసుపత్రి అది. నలభై ఏళ్ళుగా కాన్పుల గది ఆయమ్మ ఆమే. అరవైకి గానీ రిటైర్మెంటు లేదు. చేతులు వణికేవైతే మొన్న కవలల్ని ఎవరు పట్టుకున్నట్టు? "నా పని నాకియ్యాలె" అని లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టింది. ఆమె అడిగింది అదొక్కటే.

డాక్టరు తరఫు వకీలు చొక్కారావుకు ఒక గట్టి నమ్మకం. ఎవరైనా సరే కాగితాల్లో వయసు తగ్గించే రాయిస్తారు. ఈమెకూ అరవై దాటే ఉంటాయని, పట్టేద్దామని ఆమె పుట్టిన ఊరు ఆసిఫాబాద్ వెళ్ళి మెథడిస్టు చర్చిలో బాప్తిస్మాలూ చావులూ రాసే రిజిస్టరు తిరగేయించాడు. రెండో వాయిదా నాడు ఆ పేజీ నకలు ఆఫీసరు నర్మద ముందు పెట్టాడు.

"మేడమ్, ఎలీసబెతు మూడేండ్లకే జ్వరమొచ్చి సచ్చిపోయింది. గదే యేడు పుట్టిన చెల్లె రెబెకా. గీమె రెబెకానే! సచ్చినదాని సర్టిఫికెట్‌తోని నౌకరి జేసింది."

వకీలు చెప్పినదాంట్లో అబద్ధమేముంది గనక! బాపు మంచం పట్టిన ఏడాది, పద్దెనిమిది నిండందే పని ఇవ్వమని ఆసుపత్రిలో అంటే, పదిహేనేళ్ళ పిల్ల చేతిలో అక్క సర్టిఫికెట్ పెట్టి పంపింది అవ్వ.

"అంటే గీమెకు యాభై అయిదేనా?" అంది నర్మద. డాక్టరు వకీలు వంక కొరకొరా చూశాడు. "పనిల నుంచి తీసిననాడు గీ సర్టిఫికెట్ సంగతి మీకెరుకనా?" అని అతన్నే అడిగింది నర్మద.

"లేదు మేడమ్."

"అయితే ముసలిదనే తీసిన్రు. అది తప్పు. గీ సంగతి బయటపడ్డ దినందాక జీతం ఇయ్యుండ్రి." ఇటు తిరిగింది. "అమ్మా, నువ్వు జేసింది గూడ తప్పే. మల్ల పనిలకు తీసుకొమ్మని నేను చెప్పలేను."

గెలిచినందుకు సంతోషించాలా? ఆ జీతం ఏం చేసుకోను, కాన్పుల గది పోయాక! ఉత్తర్వు అందినట్టు సంతకం పెట్టమని నర్మద కాగితం ముందుకు జరిపింది. అలవాటుగా "ఎలీ" అని మొదలుపెట్టింది.

"అసలు పేరు రాయమ్మా," అంది నర్మద.

కొట్టేసి, కూడబలుక్కుంటూ "రెబెకా" అని రాసింది. వణకని చెయ్యి అప్పుడు వణికింది.

"మా అక్క మూడేండ్లే బతికింది మేడమ్. గా తర్వాత నేనే బతికిచ్చిన," అంది పెన్ను తిరిగిస్తూ. "ఇయ్యాల నిజంగ పోయింది."