రెక్క ముక్క

ఆ ఇంట్లో కోడిని కోసిన రోజున ఏ ముక్క ఎవరిదో అడగాల్సిన పనే లేదు. తొడలు రెండూ అశోక్‌వి. ఒకటి మధ్యాహ్నం కంచంలోకి, ఇంకోటి స్టీల్‌ప్లాంటులో రాత్రి షిఫ్టుకి వెళ్లేటప్పుడు క్యారేజీలోకి. రొమ్ము కండ కూతురు యశస్వినిది. కార్జం, కందనకాయ మామూలు రోజుల్లో అశోక్‌వే గాని, తగరపువలస నుంచి ఆ ఇంటి ఆడపడుచు మొగుడు ఉదయ్‌కుమార్ వచ్చాడంటే అవి అల్లుడిగారివి. మెడ, వీపు, ఒక రెక్క అత్త సీతాలువి. మిగిలిన రెక్కని గరిటెతో తీసి, గిన్నె అంచుకి టంగుమని కొట్టి, "రెక్క రాణికి!" అని అత్త గట్టిగా చెప్పేది. పక్కింటివాళ్లకి కూడా వినపడేది.

ఈ రాణి ఆ ఇంటి కోడలు. కాపురానికొచ్చి పద్దెనిమిదేళ్లు. అన్నేళ్లుగా ఆ టంగు ఆమె చెవిలోనే ఉండిపోయింది. రెక్కే వేస్తే వేసింది, ఆ చాటింపు దేనికమ్మా? నోరు మూసుకుని వెయ్యొచ్చు కదా!

పైగా ఆ కోళ్లు ఎవరివి? గోపాలపట్నంలో కొండవాలున ఇల్లు, వెనకాల చారెడు పెరడు, మునగచెట్టు కింద గూడు. పొద్దున్నే గూడు తీసేది రాణి. తౌడు, నూకలు తడిపి పెట్టేది రాణి. పొదుగుకొచ్చిన పెట్టకి గంపలో ఊక పరిచి గుడ్లు పేర్చేది, పిల్లలు దిగితే గద్ద కన్ను పడకుండా కాపలా కాసేది, తెగులు రాకుండా ఒక్కో పిల్లని ఒళ్లో పెట్టుకుని కంట్లో చుక్కల మందు వేసేది, అంతా రాణే. ఆ తరువాత పరుగెత్తుకుంటూ మెయిన్ రోడ్డు మీద బట్టల షాపుకి వెళ్లి పొద్దుగూకేదాకా నిలబడి చీరలు మడతపెట్టేది. అశోక్ మాత్రం ఫోన్లో స్నేహితులతో, "ఫారం కోడి మేం ముట్టం బావా, నాటుకోళ్లు మేమే పెంచుతాం" అనేవాడు. ఆయన చేసేదల్లా ఆదివారం కోడి మెడ మీద కత్తి పెట్టడం. ఒక్క నిమిషం పని. ఆ నిమిషానికి కూడా లుంగీ ఎగ్గట్టి, ఊపిరి బిగబట్టి, అయ్యాక చేతులు కడుక్కుని టీ అడిగేవాడు. ఆ తరువాత వేణ్ణీళ్లలో ముంచడం, ఈకలు పీకడం, పసుపు రాసి మంట మీద కాల్చడం, మసాలా నూరడం ఆడవాళ్ల వంతు. ముక్కలు కొయ్యడం మాత్రం అత్తదే. కత్తిపీట ముందు కూర్చుంటే ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. "ఎల్లెల్లు, నీకు సేతకాదు. ఉల్లిపాయలు సూసుకో" అని తరిమేది.

అలాంటి అత్త కిందటి నెలలో గూడు దగ్గర పాచి మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. ఇంకేముంది! స్నానం చేయించడం, జడ వెయ్యడం, కలిపి ముద్దలు పెట్టడం, అన్నీ రాణి నెత్తిన పడ్డాయి. ఆసుపత్రికి తీసుకెళ్లాలని షాపులో ఒక పూట సెలవడిగితే, ఓనరు ఇచ్చినట్టే ఇచ్చి, "ఇంకో షాపయితే ఇవ్వరమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి" అన్నాడు. ఇంటికొస్తే అశోక్, "మా అమ్మ గయ్యాళి కాదు గనక సరిపోయింది, నువ్వు అదృష్టవంతురాలివే" అన్నాడు. ఒకే రోజు రెండు అదృష్టాలు! ఎక్కడ పెట్టుకోను తల్లీ అనుకుంది రాణి.

ఆ రాత్రే ఆడపడుచుకి ఫోన్ చేసింది. "కట్టు ఇప్పేదాకా అత్తని మీ ఇంట ఉంచుకో వదినా, షాపుతోటి నా వల్ల అవ్వట్లేదు" అంది. వాళ్లూ కాదనలేదు. పక్క నెల మొదటి ఆదివారం ఉదయ్‌కుమార్ కారు తీసుకొచ్చి తీసుకెళ్తాడని ఖాయమైంది. షాపు అన్నది పైకి చెప్పిన మాట. అసలు మాట వేరే. అత్త నోటికి ముద్ద అందించినప్పుడల్లా ఆ టంగు గుర్తొచ్చేది. నాకు ఎప్పుడైనా ఒక మంచి ముక్క వేసిందా ఈ మనిషి, నేను ఎందుకు పెట్టాలి ఈవిడకి అనిపించేది. అలా అనిపిస్తున్నందుకు మళ్లీ తన మీద తనకే రోత పుట్టేది. ఆవిడ ఎదురుగా లేకపోతే ఈ గొడవే ఉండదు కదా, వెళ్తే పీడా పోతుంది అనుకుంది.

ఆ ప్రయాణానికి ఇంకా రెండు వారాలుందనగా ఒక ఆదివారం కత్తిపీట ముందు మొదటిసారి రాణి కూర్చుంది. అత్త పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో కట్టుచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. తొడలు ఊడదీసింది, వీపు చీల్చింది. రెక్క దగ్గరికి వచ్చేసరికి అత్త ఏదో అనబోయినట్టు నోరు తెరిచింది. అటు గుమ్మంలో టీ గ్లాసుతో అశోక్ ఉన్నాడు. అత్త నోరు మూసేసి మునగచెట్టు వైపు తిరిగింది.

అందరి భోజనాలూ అయ్యాక రాణి తన రెక్క వేసుకుంది. కొరికితే ఎముక. తోలు, ఎముక, అంతే. బక్క పెట్ట కాబోలు, పొదుగులో ఎండిపోయి ఉంటుంది అనుకుని పులుసు కలుపుకుని తినేసింది.

తరువాతి ఆదివారం కోసింది బలిసిన పుంజుని. చేతిలో ఆగనంత బరువు. కాని కంచంలో రెక్క మళ్లీ అంతే! రెక్కని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి చూసింది రాణి. ఇదేమిటి, నా రెక్క ఇలా ఉండేది కాదే? నా రెక్కకి కింద ఇంత కండ ఉండేది. ముద్ద ముద్దకీ వచ్చేది. చివర్లో ఒక పెద్ద పోగు మిగిల్చుకుని వట్టిదే నమిలేదాన్ని కదా!

ముద్ద నోట్లో పెట్టబోయి ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లు తిన్న నోరు మరిచిపోలేదు. మరిచిపోయింది మనసు. రెక్క, రెక్క అని చెవిలో మోగుతుంటే కంచంలో ఏముందో కళ్లు ఎప్పుడు చూశాయి గనక? తలొంచుకుని, కోపంతో మింగేసేది. అంత మంచి ముక్క తింటూ ఒక్క పూట కూడా తిన్నాననుకోలేదు.

చెయ్యి కడుక్కోకుండానే అత్త దగ్గరికి వెళ్లింది. అశోక్ షిఫ్టుకి పోయే ముందు లోపల గుర్రుపెడుతున్నాడు.

"అత్తా, రెక్కని నువ్వు ఎలగ కోసేదానివి?"

సీతాలు ఉలిక్కిపడింది. "ఎలగేటి? అందరూ కోసినట్టే."

"అందరూ కోసినట్టు నానూ కోసినాను. ఎముకలొచ్చాయి."

అత్త గుమ్మం వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించింది. "సూసేసినావేటి... రెక్క కీలు మీద కత్తి పెట్టకూడదే పిచ్చిగుంట. నాలుగు వేళ్ల దూరం లోపలికి, రొమ్ము మీద పెట్టి ఏటవాలుగా లాగాల. కండ రెక్కతో పాటు వచ్చేత్తాది. పైన తోలు లాగి కప్పేత్తే, ఉడికినాక ఎవులికీ తెల్దు. వట్టి రెక్కలాగే ఉంటాది."

"ఎందుకత్తా?"

"ఎందుకేటి? నువ్వు కొత్తగా వచ్చినపుడు మీ మావ ఉండీవోడు. తండ్రీ కొడుకూ తిని లెగిసేసరికి గిన్నెలో పులుసు. నువ్వు ఆ గోడవార కూకొని మజ్జిగన్నం తింతన్నావ్. అప్పటికి పిల్ల కడుపులో ఉంది. నాకు పేణం ఉసూరుమంది. మీ మావ ముందు నీకు మంచి ముక్క ఏత్తే ఊరుకుంటాడేటి? గరిటి మీద అందరి కళ్లూ ఉంటాయి. కత్తి మీద ఎవులి కళ్లూ ఉండవు. అందుకే కత్తి నా సేతిలో ఉంచుకున్నాను."

"మరి అంత అరుపెందుకు? రెక్క రాణికి, రెక్క రాణికి అని?"

"అరవకపోతే ఆళ్లలో ఎవులైనా ఏసుకుపోతే?" అంది సీతాలు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "రెక్క అని గట్టిగా అంటే ఒక్కడూ సెయ్యి సాపడు."

రాణి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. ఎంగిలి చెయ్యి ఎండిపోతోంది. ఈవిడనా నేను పంపించేద్దామనుకున్నాను? మొగుడి కళ్లు కప్పి, కొడుకు కళ్లు కప్పి, నా కళ్లు కూడా కప్పి, నా శాపనార్థాలు మోస్తూ నా కడుపు నింపిన మనిషినా? ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చేసింది. అదృష్టం అదృష్టం అని ఎందరో అన్నారు గాని, అది ఏ మూల ఉందో ఇన్నాళ్లకి తెలిసింది.

"నీ రెక్క కూడా అలగే కోసుకునీదానివా?"

"రెండేపులా లాగేత్తే పిల్లకి ముక్కలు తగ్గిపోవా? నాది వట్టిదే."

"నీకు ఏ ముక్కంటే ఇష్టం అత్తా? మెడ అని సెప్పకు. మెడంటే ఎవలికిష్టం?"

సీతాలు ఎడమచేత్తో కట్టు మీద దారం పోగు లాగుతూ కూర్చుంది. తరువాత దొంగతనం ఒప్పుకుంటున్నట్టు అంది, "కందనకాయ. సిన్నపుడు మా అమ్మ ఒకపాలి ఎట్టింది. కరకరలాడతాది."

తరువాతి ఆదివారం ఉదయ్‌కుమార్ కారు వచ్చింది. అత్త బట్టల సంచి అప్పటికే అశోక్ గుమ్మం దగ్గర పెట్టేశాడు. వెళ్తావా అని ఎవరూ ఆవిడని అడగలేదు. రాణి పొద్దున్నుంచీ పెరట్లోనే ఉంది. ఆ రోజు కోతలో కప్పిపుచ్చడాలు పెట్టుకోలేదు. కీలుకి కీలు ఊడదీసింది. రెక్క రెక్కలాగే, రొమ్ము రొమ్ములాగే కోసింది. కూర దించాక బల్ల మీద కంచాలు పెట్టి, పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ లోపలికి తెచ్చి వేసింది.

"రా అత్తా, కూకో."

"ఓలమ్మ! అల్లుడి ముందు నానెలగ తింతానే?"

"నోటితో."

యశస్విని పకపకా నవ్వింది. ఉదయ్‌కుమార్ మర్యాదగా, "కూకోండత్తా, పర్లేదు" అన్నాడు. సీతాలు కుర్చీ అంచున సగం కూర్చుంది. బల్ల దగ్గర మిగిలిన కుర్చీ లాక్కుని రాణి కూడా కూర్చుంది. పద్దెనిమిదేళ్లలో మగవాళ్ల బంతిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. ఒక తొడ ఉదయ్‌కుమార్‌కి వేసింది, ఒకటి కూతురికి. రొమ్ము కండ అశోక్‌కి కొంత, తనకి కొంత, దాపరికం లేకుండా.

అశోక్ గరిటెతో గిన్నె అడుగంతా వెతికాడు. "కందనకాయేదే? బావకి వెయ్యలేదు."

అది అప్పటికే అత్త కంచంలో, అన్నం మీద ఉంది. రాణి ఆ కంచాన్ని మెల్లగా అశోక్ ముందుకి జరిపింది.

"ఇది మీ అమ్మది. అత్త సెయ్యి కట్టులో ఉంది. నా సెయ్యి నా కంచంలో ఉంది. మీరు తినిపించండి."

అశోక్ భార్య వంక చూశాడు. ఆమె తింటోంది. నిజంగానే తింటోంది, తలెత్తి, రుచి చూసుకుంటూ. అమ్మ వంక చూశాడు. ఆవిడ ఏ తప్పు చేసి దొరికిపోయిందో అన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ దగ్గి, "పెట్టు బావా, సల్లారిపోతాది" అన్నాడు.

అశోక్ అన్నం కలిపాడు. ముద్ద చెయ్యడం రాక సగం కంచంలోనే రాలింది. కందనకాయని అమ్మ నోట్లో పెట్టాడు. సీతాలు కళ్లు మూసుకుని నమిలింది. అది గట్టిగా ఉంటుంది కదా, చాలాసేపు నమిలింది. మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"బాగుందేటమ్మా?" అన్నాడు అశోక్. ఆ మాట అమ్మని అడగడం అతనికీ అదే మొదటిసారి.

"ఉప్పు తక్కువైంది" అంది సీతాలు.

రాణికి నవ్వొచ్చింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

చేతులు కడుక్కున్నాక ఉదయ్‌కుమార్ సంచి అందుకోబోతే రాణి అడ్డుపడింది. "తప్పు నాది అన్నయ్యా, నాను అత్తని అడక్కుండా ఫోన్ చేసినాను. ఆవిడకి ఎక్కడుండాలనిపిస్తే అక్కడుంటాది. ఇక్కడుంటే మాత్రం ఇంటి దగ్గరున్న పూట తినిపించీది మీ బావ. షిఫ్టులో ఉంటే నానూ పిల్లా సూసుకుంటాం."

అందరూ సీతాలు వైపు తిరిగారు. ఆవిడ కొడుకుని చూసింది, కంచంలో మిగిలిన మెతుకులు చూసింది.

"నా కూతురికి సెప్పు నాయనా, తరవాత వత్తానని," అంది అల్లుడితో. "ఆ నల్లపెట్ట పొదుగు మీదుంది. పిల్లలు దిగినాక సూద్దాం."

సాయంత్రం గూడు మూస్తుంటే యశస్విని వచ్చి పక్కన నిలబడింది. సంగతంతా నాయనమ్మ దగ్గర కూపీ లాగేసింది మరి. "అమ్మా, నాకూ కొయ్యడం నేర్పు" అంది.

"నేర్పుతాను. కీళ్లెక్కడుంటాయో, కత్తి ఎలగ పట్టాలో అన్నీ నేర్పుతాను."

"నాయనమ్మ కోత?"

రాణి గూడు తలుపుకి గడియ పెట్టింది. లోపల నల్లపెట్ట గుడ్ల మీద సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంట్లోంచి అత్త అశోక్ మీద కేకలేస్తోంది, జడ వెయ్యడం కూడా రాదేటిరా అని.

"అది నా పేణం నిలబెట్టిన కోత," అంది రాణి. "అది మాత్రం నీకు నేర్పను."