వెండెల్ నోరు తెరిచిన రోజు

పంపు మళ్లీ మొరాయించింది. వెండెల్ మూత విప్పి, జాలీలో ఇరుక్కున్న యూకలిప్టస్ ఆకుల్ని లాగిపడేస్తూ ఒకటే తిట్టుకుంటున్నాడు. ఎండకు చెక్కు కట్టిన మెడ, క్లోరిన్‌కు పాలిపోయిన కనుబొమలు, కుర్రతనంలో గోధుమ బస్తాలు మోసి ఒక పక్కకు ఒరిగిన భుజం. అరవై దాటిన మనిషి. ఆ ఊరి ఈతకొలను కాపలాలోనే సగం జీవితం గడిచిపోయింది.

తిట్లన్నీ పంపుకు కావు. ఫెర్గస్ ఇవాళ ఊరు విడిచిపోతున్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన ఫెర్గస్, తనకు మగవాళ్లే ఇష్టమని ఊరందరికీ ఏనాడో చెప్పేసి తలెత్తుకు తిరిగే మనిషి. రోజూ పొద్దున్నే వచ్చి ఈది, గట్టు మీద వెండెల్‌తో టీ తాగి వెళ్లేవాడు. బండి వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, కారవాన్ కొన్నాడు. పడమటి తీరాన బ్రూమ్ పట్టణానికి ప్రయాణం. "నువ్వూ రారాదూ?" అని పోయిన వారం అడిగితే, "పంపు చూసేదెవరు?" అన్నాడు వెండెల్. ఆ జవాబు తలుచుకున్నప్పుడల్లా తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపిస్తోంది. నోరీన్‌తో అన్నేళ్లు కాపురం చేసినా ఎరగని గుండెదడ, తువ్వాలు భుజాన వేసుకుని ఆ మనిషి కనబడగానే ఎందుకొస్తోందో అతను అలా అడిగాకగానీ బుర్రకెక్కలేదు.

పది గంటలకు ఫెర్గస్ వచ్చాడు. వెండెల్ చేతులు తుడుచుకుని ఎదురెళ్లాడు. సరిగ్గా అప్పుడే నీళ్లలో కసరత్తు చేసే ముసలమ్మలు గోల మొదలెట్టారు.

"వెండెల్! నీళ్లు మంచులా ఉన్నాయయ్యా!"

"వస్తున్నా!" అని విసుక్కుని, ఫెర్గస్ వైపు తిరిగాడు. వారం రోజులుగా కూడగట్టుకున్న మాటలన్నీ ఆవిరైపోయాయి. "టైర్లలో గాలి చూసుకున్నావా?"

"చూసుకున్నా. ఇంకేమైనా చెప్పాలా?"

"ఇంజన్ ఆయిలు కూడా చూసుకో."

ఫెర్గస్ చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

కొలను పక్క కొట్లో చిప్స్ వేయిస్తున్న నోరీన్, అతని మాజీ భార్య, గరిటె విసిరేసింది. "ఆయిలట, ఆయిలు! నీ మొహం మండ!"

"నీకు... తెలుసా?"

"నీ గురక భరించలేక విడాకులిచ్చాననుకున్నావా? ఊరంతటికీ తెలుసయ్యా. నీ ఒక్కడికే చెప్పడం మరిచిపోయాం. ఆ దిక్కుమాలిన పంపు నేను చూసుకుంటాగానీ, బంకు దగ్గర పెట్రోలు పోయించుకుంటుంటాడు, పరిగెత్తు!"

ఒరిగిన భుజంతో, అరిగిన రబ్బరు చెప్పులు టపటపలాడుతుంటే, ఆయాసపడుతూ, వెండెల్ పరిగెత్తాడు. ఫెర్గస్ అప్పుడే బండి తలుపు తీస్తున్నాడు.

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు వెండెల్, కోపంగా. "స్నేహితుడిలా కాదు. ఛ, ఎలా చెప్పాలో కూడా తెలిసి చావదు నాకు."

ఫెర్గస్ బండికి ఆనుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"ఈ ఒక్క మాట కోసం మూడు వేసవులు ఈదించావు కదయ్యా! అసలు నాకు ఈతంటేనే పడదు."

ఇద్దరూ బండెక్కారు. ఎవరూ చెయ్యి ఊపలేదు. గోధుమచేల మధ్య రోడ్డు మీద కారవాన్ చిన్నదై, కనుమరుగైంది.

సాయంత్రం నోరీన్ గేటుకు తాళం వేస్తూ ఆగింది. తారురోడ్డు మధ్యలో ఎడమకాలి రబ్బరు చెప్పొకటి బోర్లా పడి ఉంది, మడమ దగ్గర అరిగి, పట్టీ తెగి.