సబ్బుకు పోని పసుపు

మా ఏర్గట్లలో పసుపు ఉడికే నెలల్లో తెల్లగా మిగిలేవి కొంగలొక్కటే. అవీ ఊళ్ళో దిగవు కాబట్టి.

మిగతా అందరమూ పసుపే. పసుపు ఉడికించే కొప్పెర కింద కట్టెలు ఎగదోసే మా బాపు ఆశన్న కనుబొమలు పసుపు. కల్లంలో కొమ్ములు ఆరబోసే నన్ను కన్న అవ్వ వసంతమ్మ అరచేతులు పసుపు. వాకిట్లో కుక్కకు నాలుగు కాళ్ళూ పసుపు, పెళ్ళికూతురిలా తిరుగుతుంది. ఉతికి ఆరేసిన బట్ట సాయంత్రానికి పసుపు. డెబ్బై నాలుగులో సరిగ్గా ఆ రోజుల్లోనే పుట్టింట్లో నాకు తొలి కాన్పు అయింది. ఆడపిల్ల.

పుట్టిన పూట ఎంత గట్టిగా ఏడ్చిందంటే, మా ఆయన పనిచేసే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ రోజూ వినే నాకే చెవులు గింగురుమన్నాయి. తర్వాత బిడ్డ సైరన్ తగ్గుతూ వచ్చింది. మూలిగింది. ఆవులించింది. ఆపైన పడుకోవడమే పని. ఇల్లంతా సంబరపడింది. నాకొక్కదానికే నిద్ర పట్టలేదు.

"ఎంత మంచి పోరి!" అంది మా బాపమ్మ నాగవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ. బిడ్డకు నీళ్ళు పోసేదీ, నా తిండి చూసేదీ, నన్ను తిట్టేదీ ఆమే. "అవ్వను సతాయించదు, అయ్యను సతాయించదు. దేవుడసొంటిది. నా నడిపోడు గిట్లనే పండుకునేటోడు."

"పాలు తాగుతలేదు బాపమ్మా. రెండు గుక్కలు తాగి నిద్రపోతున్నది."

"ఆకలైతే తాగదా? నీ లెక్క సదువుకోలే గద, పుస్తకం సూసి తాగనీకె."

మాకు పెదబాపు ఉన్నాడు, బాపు ఉన్నాడు. ఇద్దరి మధ్య నడిపివాడంటూ ఒకడిని నేనెప్పుడూ చూడలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

నన్నూ బిడ్డనూ ఉంచిన అర్రకు ఒకటే కిటికీ. దానికి గోనెసంచి కుక్కారు. గాలి, దిష్టి, ఇంకా పేరెత్తకూడనివి ఏవో లోపలికి రాకుండా. మూలన కుంపటి, గూట్లో కందిలి దీపం. ఇరవై ఒక్క దినాలు వెళ్ళేదాకా బిడ్డకు ఎండ పొడ తగలకూడదు. ముర్రుపాలు అరగవని మొదట్లో నా చేత పిండి పారబోయించారు. చక్కెర నీళ్ళలో గుడ్డ ముంచి బిడ్డ నోట్లో పెట్టారు. చక్కెర మాత్రం మా ఆయన ఫ్యాక్టరీదే, శ్రేష్ఠమైనది.

హైదరాబాద్‌లో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో చదివి, గాజు గొట్టాలు పగలకుండా పట్టుకోవడం నేర్చుకున్నదాన్ని నేను. పుట్టిన బిడ్డను పట్టుకోవడం అక్కడ చెప్పలేదు. ఎత్తుకుంటే దాని మెడ ఒకవైపు పోయేది, నా ప్రాణం ఒకవైపు పోయేది. పడుకోబెడితే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. చూసిన కొద్దీ నా ఊపిరే వినిపించేది.

పైగా ఒక మాట నన్ను వదల్లేదు. బోధన్ క్వార్టర్సులో మా పక్కింటి తారాబాయి బిడ్డకు పుట్టగానే కామెర్లు వచ్చాయి. ఒళ్ళు పచ్చబడింది, పాలు మానేసింది, నిద్రే నిద్ర. బతికి బయటపడింది కానీ, ఆమె ఆ కథ చెప్పినప్పుడల్లా కొంగుతో మూతి మూసుకునేది. కడుపుతో ఉన్నప్పుడు విన్న మాట. అప్పుడు నా మనసులో ఒక మూల కూచుంది. ఇప్పుడు లేచి తిరుగుతోంది.

మా బిడ్డ పచ్చగా ఉందా? ఉంది. ఎందుకుండదు? రోజూ సున్నిపిండిలో పసుపు కలిపి రుద్దుతుంటే, పసుపు చేతులతో ఎత్తుకుంటుంటే, పసుపంటిన పాత చీర ముక్కల్లో చుడుతుంటే!

"పసుపు నెలల పుట్టిన పోరగాండ్లంత గిట్లనే ఉంటరు," అంది అవ్వ, కల్లం నుంచి మధ్యాహ్నం తిండికి వచ్చినప్పుడు. "నువ్వు గూడ గిట్లనే ఉంటివి సుగుణా. సూడు, ఇప్పుడు ఎంత నల్లగున్నవో."

బిడ్డ పుట్టిన అయిదో నాడు, ఆదివారం, మా ఆయన ఆత్మారాం వచ్చాడు. ఫ్యాక్టరీ లాబొరేటరీలో చక్కెర రంగు చూసి ఏ రకమో చెప్పడం అతని పని. చెరకు గానుగ సీజనులో సెలవు దొరకడమే గొప్ప. ఒక సంచి నిండా చక్కెర తెచ్చి గడప అవతల నిలబడ్డాడు. బాపమ్మ లోపలికి రానివ్వదు కదా.

"బంగారం లెక్కున్నది," అన్నాడు అక్కడినుంచే మురిసిపోతూ.

"బంగారం మాట ఇడిసిపెట్టు. ఆ రంగు మంచిదా, చెడ్డదా? రంగు చెప్పుడే గద నీ పని!"

అతను నవ్వాడు. "కందిలి ముంగట రంగు చెప్తే మా కెమిస్టు సారు చెంప పగలగొడ్తడు. పగటి వెలుగుండాలె, పక్కన తెల్లటి శాంపిల్ ఉండాలె. గప్పుడు చెప్తరు."

"అయితే ఎండలకు తీస్కపోదాం."

"తీస్కపో, తీస్కపో," అంది బాపమ్మ కుంపటి ఊదుతూ. "బిడ్డకేమన్న అయితే ఆ సారునే అడుగు."

అతను బస్సు వేళ అయిందని వెళ్ళిపోయాడు. నేను ఆ పగలంతా కూచుని, నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి గుర్తు తెచ్చుకున్నాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పాలిటెక్నిక్‌లో పసుపు కాగితం మీద సున్నపు నీళ్ళు చల్లి చూపించారు. మా ఇంట్లో బట్టలుతికే ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతే అది. అక్కడ దానికి మార్కులు వేశారు, అంతే తేడా. కామెర్ల పచ్చయితే సబ్బుకు ఎర్రబడదు.

మర్నాడు బిడ్డ తడిపిన గుడ్డను, పచ్చటి మరకతో సహా, చెంబులో ముంచి బట్టల సబ్బు రుద్దాను. ఎర్రగా అయింది. కుంకుమ కలిపినట్టు. మరకంతా ఎరుపే.

పసుపే! కామెర్లు కావు! గోడకు ఆనుకుని కూచుని నవ్వాను. ఆ పూట రెండు జొన్నరొట్టెలు తిన్నాను. బాపమ్మ "ఇగో, గిట్ల తినాలె బాలింత" అని మెచ్చుకుంది.

ఆ నిశ్చింత మర్నాటి పొద్దుటిదాకానే. బిడ్డ లేవలేదు. అరికాళ్ళ మీద చిటికె వేశాను. చెవి నలిపాను. మూతి దగ్గర రొమ్ము పెడితే పెదవులు ఒకసారి కదిలి ఆగిపోయాయి. చెయ్యి ఎత్తి వదిలితే అది తడిగుడ్డలా పడింది. అప్పుడు తట్టింది నాకు. నేను సబ్బు రుద్దింది గుడ్డకు. గుడ్డ పసుపని ఊళ్ళో కుక్కకు కూడా తెలుసు. బిడ్డను చూడకుండా గుడ్డను చూసి నవ్వుకుంటూ కూచున్నాను!

బాపమ్మ నీళ్ళు పోయడానికి వచ్చింది. పీట మీద కూచుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుంది. నేను సున్నిపిండి గిన్నె పక్కకు జరిపి, ఒంటి సబ్బు తీసి బిడ్డ రొమ్ము మీద రుద్దాను.

"ఏం జేస్తున్నవే?"

నురగ ఎర్రబడింది. బిడ్డ పొట్ట మీదుగా, తొడల సందుల్లోంచి, బాపమ్మ కాళ్ళ మీదుగా ఎర్రటి నీళ్ళు కారాయి.

"అయ్యో, నెత్తురు!" అని కేక పెట్టింది. 

"నెత్తురు కాదు బాపమ్మా, నీ పసుపే. పొయ్యి, నీళ్ళు పొయ్యి."

పోసింది. మళ్ళీ రుద్దాను. ఈసారి నురగ గులాబీ రంగు. మళ్ళీ పోసింది. మూడోసారి నురగ తెల్లగానే ఉంది. పసుపంతా పోయింది. అయినా బిడ్డ పచ్చగానే ఉంది.

రొమ్ము మీద వేలితో నొక్కి తీశాను. నొక్కిన చోట కూడా పచ్చ. అది పైనుంచి పూసింది కాదు. లోపలినుంచి వస్తోంది.

"లోపటికి ఇంకింది గావచ్చు," అంది బాపమ్మ. కానీ ఎప్పుడూ ఉండే గట్టిదనం లేదు ఆ గొంతులో.

నేను బిడ్డను తుడిచి ఎత్తుకుని బయటికి నడిచాను. ఆమె అడ్డం రాబోయి, నా మొహం చూసి, ఆగింది.

వాకిట్లో ఎండ కళ్ళలో పొడిచింది. కల్లం నిండా కొమ్ములు, గోడల నిండా పసుపు దుమ్ము. ఇందులో దేని రంగు ఏమని చెప్పేది? పక్కన తెల్లటిది కావాలి. మా ఇంట్లో తెల్లటి వస్తువు ఒక్కటే ఉంది.

"బాపమ్మా, ఆ చక్కెర సంచి తే!"

తెచ్చింది. అరుగు మీద నల్లటి గొంగడి పరిచి బిడ్డను పడుకోబెట్టి, గుప్పెడు చక్కెర దాని చెంప పక్కన పోశాను. ఆ తెలుపు పక్కన నా బిడ్డ పండిన నిమ్మకాయలా ఉంది. బొటనవేలితో కనురెప్ప తెరిచాను. కంటి తెల్లగుడ్డు కూడా అదే రంగు.

బాపమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తన రెండు అరచేతులు ముందుకు చాపి వాటినీ చూసుకుంది. అరవై ఏళ్ళ పసుపు.

"నడిపోడు గిసొంటి దినాలల్లనే పుట్టిండు," అంది మెల్లగా. "ఏడ్వనే ఏడ్వలే. అందరు ఎంత మెచ్చుకున్నరు! నా చేతులు పసుపు, వాడు పసుపు. నాకేం తెల్సే? పేరు గూడ పెట్టకముందే పాయె."

బాపమ్మ లేచింది. కల్లం వైపు తిరిగి, ఊరంతా వినబడేలా అరిచింది. "ఓ ఆశన్నా! కొప్పెర ఇడిసిపెట్టి రా! నిజాంబాద్ దవాఖానకు పోవాలె!"

కొప్పెర మధ్యలో వదిలితే ఆ పసుపంతా పాడవుతుంది. బాపు వదిలేసి పరుగున వచ్చాడు.

ఆర్మూరు దాకా ఒక బస్సు, అక్కడ ఇంకో బస్సు. దారి పొడుగునా బిడ్డ ముక్కు దగ్గర నా వేలు. గతుకు వచ్చినప్పుడల్లా ఊపిరి తగిలిందో, బస్సు ఊపు తగిలిందో తెలిసేది కాదు. బాలింత పిల్లను పట్టుకుని బయటికి వచ్చిందని వెనక సీటామె ఏదో గొణిగింది. బాపమ్మ తిరిగి ఒక్క చూపు చూసింది. అంతే, ఆ సీటామె కిటికీ బయట పొలాలు చూడసాగింది.

డాక్టరమ్మ బిడ్డను కిటికీ దగ్గర పడుకోబెట్టి చూసింది. మడమ పొడిచి రక్తం తీసుకుంది. అప్పుడు కూడా బిడ్డ చిన్నగా మూలిగిందే కానీ ఏడవలేదు.

"ఏం పట్టిండ్రు దీనికి?"

"సక్కెర నీళ్ళు," అంది బాపమ్మ.

"పాలుండంగ నీళ్ళేంది?" అని, నా వైపు తిరిగింది. "పాలు పిండి చెంచతో పట్టు. గంట గంటకు. నిద్ర లేపి పట్టు. రక్తం మరీ చెడ్డగ లేదు, అట్లని మంచిగ లేదు. పొద్దుమూకే లోపల లేచి తనంతట తాను పాలు తాగితే ఈడనే చూస్త. లేవకుంటే హైదరాబాద్ పోవాలె. రక్తం మార్చాలె."

బిడ్డకు రక్తం మార్చడమంటే, ఒంట్లో ఉన్నది తీసి ఇంకొకరిది ఎక్కించడమని నాకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేదో!

కామెర్లకు ఎండ మంచిదని, వరండాలో ఎండ పడేచోట బిడ్డను మొలగుడ్డతో పడుకోబెట్టమన్నారు. కళ్ళకు నీడ పెట్టాను. బాపు బోధన్ బస్సు కండక్టరుతో కబురు పంపితే మా ఆయన డ్యూటీ బట్టలతోనే వచ్చాడు, ఒంటినిండా బెల్లపు మడ్డి వాసనతో. బిడ్డ పక్కన మోకాళ్ళ మీద కూచున్నాడు.

"ఇప్పుడు పగటి వెలుగే గద," అన్నాను. "రంగు చెప్పు."

అతను దాని చెంప మీద వేలు పెట్టి తీశాడు. "నాకు తెల్వది సుగుణా. చక్కెరైతే చెప్తుంటి."

చెంచాతో పోసిన పాలు సగం పెదవి చివరినుంచి కారిపోయేవి. మిగతా సగం మింగేదాకా నేను కూడా గుటక వేసేదాన్ని. తుడవడం, పోయడం, అరికాలు తట్టడం. ఎండ వరండాలో జరుగుతుంటే మేమూ బిడ్డను పట్టుకుని జరిగేవాళ్ళం. స్తంభం దాకా జరిగాం. స్తంభం దాటాం. ఇక వరండా చివర గోడ, దాని వెనక సాయంత్రం.

బాపమ్మ కనబడలేదు. చూస్తే కుళాయి దగ్గర కూచుని సబ్బుతో చేతులు రుద్దుకుంటోంది. ఎర్రటి నీళ్ళు కాలువ కట్టాయి. ఎంత రుద్దినా ఆ చేతుల పసుపు పోవడం లేదు. ఆమె మాత్రం ఆపడం లేదు.

చివరికి లేచి తడి చేతులతోనే వచ్చింది. ఆ చల్లటి అరచేయి బిడ్డ వీపు మీద పెట్టింది.

బిడ్డ ఉలిక్కిపడింది. మొహం ముడుచుకుంది. నోరు తెరిచింది కానీ శబ్దం రాలేదు. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. ఆ తెరిచిన నోరు అలాగే ఉంది, అలాగే ఉంది, ఆ తర్వాత వచ్చింది కేక. వరండా చివరి మంచం వాళ్ళు కూడా లేచి చూశారు. నేను రొమ్ముకు అదుముకున్నాను. దవడ కదిలింది. లాగింది. నొప్పికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి అంత బాగుంటుందని నాకు తెలియదు.

రొమ్ము మారుద్దామని ఒక్క క్షణం వదిలించానో లేదో, మళ్ళీ సైరన్ మోగింది. గుప్పిట బిగించి, కాళ్ళు తన్నుతూ, పచ్చటి మొహమంతా ఎర్రగా చేసుకుని.

డాక్టరమ్మ గది లోంచి తల బయట పెట్టి చూసి, "ఇగ హైదరాబాద్ వద్దు," అని లోపలికి పోయింది.

"సూస్తున్నవా దీని నోరు?" అంది బాపమ్మ. గోడకు ఆనుకుని కూలబడి, సబ్బుకు ఎర్రబారిన చేతులతో మొహం తుడుచుకుంటోంది. "దేవుడసొంటిది కాదే ఇది, రాక్షసి! ఇంత రాక్షసి మా వంశంల పుట్టలే. ఏడ్వు, రాక్షసీ. ఇంక గట్టిగ ఏడ్వు."