తూము బందయ్యేదాకా

యాసంగి పంటకు కాలువ నీళ్లు వదిలిన రోజు నేను కల్లు దుకాణం ముందర నిలబడి, అందరికీ వినబడేటట్టు చెప్పాను. తూము మూసి నీళ్లు బందు పెట్టేదాకా చుక్క ముట్టనని. నవ్వనివాడు లేడు.

"దేవిదాసన్నా, పొద్దుగూకేదాకా ఉండు, సూద్దాం తియ్" అన్నాడొకడు.

"అన్నకు జరమొచ్చినట్టుంది. దవాఖానకు తీస్కపోండ్రి" అన్నాడు ఇంకొకడు.

వాళ్లకు నవ్వులాట. నాకు సంసారం. వానాకాలంలో మా వంతు నీళ్లు వచ్చిన రోజు నేను తాగి ఒడ్డు మీద పడిపోయాను. నీళ్లు మా మడి పక్కనుంచే పోయాయి, నారు ఎండింది. నా భార్య శ్రీలత ఒక్క మాట అనలేదు. చీరలు సంచిలో పెట్టుకుని డోంగ్లి బస్సెక్కి తల్లిగారింటికి పోయింది. అక్కడినుంచి ఫోనులో చెప్పింది:

"ఒక్క పంట తాగకుంట సూపియ్యి. తూము బందయిన్నాడు నేనే వస్త. నడుమ చుక్క ముట్టినవని తెలిస్తే, ఇగ నా కోసం రాకు."

చదువుకున్నోళ్లు ఇట్లాంటి రోజుల లెక్క కాగితం మీద గీతలు గీసి పెట్టుకుంటారట. నేను ఆరో తరగతిలోనే బడి మాని బర్రెల వెంట పోయినవాణ్ని. నాకు సుతిలి తాడు చాలు. మడి దగ్గరి మోటారు స్టార్టర్ డబ్బా మేకుకు ఒక సుతిలి వేలాడదీశాను. తాగకుండా పొద్దుగూకితే దానికి ఒక ముడి. పొద్దు ఉండగా వేయకూడదు, అది నాకు నేను పెట్టుకున్న కట్టు.

మా కొడుకు అఖిలేశ్ బాన్సువాడలో ఫోన్ల దుకాణంలో చేస్తాడు. వాడు నా ఫోన్‌లో ఏదో ఎక్కించాడు. రోజూ గుర్రుమని మోగి, 'ఈరోజు గెలిచారా?' అని అడుగుతుంది.

"నాయినా, గెలిస్తే గీడ నొక్కు. టార్గెట్ పచ్చగైతది."

"నా తిప్పలు గూడ పచ్చగ కనవడ్తయారా దాంట్ల?"

వాడికేం తెలుసు! మొదట్లో చేతులు ఎంత వణికేవంటే, ముడి పడక పళ్లతో లాగి బిగించేవాణ్ని. చర్మం కింద చీమలు పాకినట్టుండేది. దవాఖాన గోలీలు మింగి, గోడకు తల కొట్టుకుని, తెల్లారగట్ల మడికి పోయేవాణ్ని. అప్పుడు చూడ్డానికి ఒక్కడు రాలేదు. నేను తాగిన రోజైతే ఊరంతా వచ్చేది.

నాట్లయ్యాయి. కలుపయింది. వరి పొట్టకొచ్చింది, ఈనింది. ఆఖరి తడికి నీళ్లు వదిలారు. సుతిలి మీద ముడులు మేకు నుంచి నేల దాకా దిగాయి. ఇంకొన్నాళ్లే అనుకుంటుండగా అఖిలేశ్ ఫోన్ చేశాడు.

"నాయినా... మారుతి మామ పోయిండు. చెరుకు తోటల్నే గుండె ఆగిందట."

మారుతి బావ శ్రీలతకు సొంత అన్న. నా పెండ్లినాడు నాకు ఆకు డొప్పలో మొదటిసారి కల్లు తాగించిందీ ఆయనే.

కాష్టం రోజు జనంలో గడిచిపోయింది. నా భయమంతా మూడో రోజు చేసే మూడొద్దుల మీద. శ్రీలత వాళ్లింట్లో ఒక పద్ధతుంది. పిట్టకు కూడు పెట్టి వచ్చాక మగవాళ్లంతా వాకిట్లో వరసగా కూర్చుంటారు. డొప్పల్లో కల్లు పోస్తారు. పోయినవాళ్ల పేరు మీద నాలుగు చుక్కలు నేల మీద వదిలి, మిగిలింది తాగాలి. ముందు తాగాల్సింది ఇంటల్లుడు. అతను తాగేదాకా వరసలో ఎవరూ డొప్ప ముట్టరు. తాగనంటే, పోయినవాడితో పగ ఉన్నట్టు లెక్క.

ఇంటల్లుణ్ని నేనే.

వరస మొదట్లో కూర్చోబెట్టారు. మారుతి తమ్ముడు విఠల్ నా పక్కనే కూర్చుని చెవి దగ్గర మొదలుపెట్టాడు.

"బావా, నీ ఒట్టు సంగతి మాకెర్కనే. గీ ఒక్కనాడు అండ్ల రాదు."

"వస్తది విఠల్."

"మా అన్న నీకు పగోడా?"

"గట్లెందుకంటవ్?"

"మరి మంది అంత అనేది గదే. అప్పుడు నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

వరస చివర, సరిహద్దు అవతలినుంచి వచ్చిన ముసలాయన ఒకడు మరాఠీలో "ఘే, ఘే" అని చేత్తో తాగమన్నట్టు చూపించాడు. ఆయనకు ఎండ కొడుతోంది, దూపవుతోంది. నా ఒట్టుతో ఆయనకేం పని!

మా అత్త భూమవ్వ కల్లు లొట్టి పట్టుకుని తానే వచ్చింది. కొడుకు పోయిన ముసలిది. డొప్ప నా చేతిలో పెట్టి నిండా పోసింది.

"అల్లుడా, నా కొడుకు పేరు మీద. కాదనకు బిడ్డా."

తల ఎత్తితే శ్రీలత గడప మీద నిలబడి ఉంది. ఆ ముఖంలో ఏమీ లేదు. తాగు అని లేదు, వద్దు అని లేదు. నాకు అక్కడే మండింది. తాగితే నా సంసారం పోతుంది, తాగకపోతే ఆమె తల్లి కడుపు మండుతుంది. ఒక్క సైగ చేస్తే ఏం పోయింది ఈమెకు?

డొప్ప వంచి చుక్కలు వదిలాను. చేయి ఆపలేదు. అంతా మట్టిలోకి పోయింది.

"అరే! ఏంది బావా గిది?" విఠల్ లేచి నిలబడ్డాడు.

"బావ వంతు పోసిన. నా వంతు గూడ బావకే ఇచ్చిన."

వరసంతా గుసగుసలు. భూమవ్వ మాత్రం కోపానికి రాలేదు. వంగి డొప్ప మళ్లీ నింపింది.

"వాని వంతు వానికి ముట్టింది. ఇప్పుడు నువ్వు తాగు."

తిట్టినా బాగుండేది. పుల్లటి వాసన ముక్కులకెక్కింది. నోట్లో నీళ్లూరాయి. ఈ ముసలిదాని కోసమే తాగుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు కావాలి గనకే డొప్ప లేపాను. నురుగు మీసాల దాకా వచ్చింది.

ఒక చేయి వచ్చి డొప్ప లాక్కుంది.

"అవ్వా, అల్లుడే తాగాలెనా? మా అన్న పేరు మీద ఆడివిల్ల తాగితే ముట్టదా?"

శ్రీలత గటగటా తాగేసింది. కల్లు వాసనకే ముక్కు మూసుకునే మనిషి. దగ్గింది, కళ్ల నీళ్లు కారాయి. డొప్పను నేలకేసి కొట్టింది.

"అయిపాయె. ఇగ తాగుండ్రి. ఎవలన్న ఈయనను గుంజితే నాతోని ముచ్చట."

భూమవ్వ కూతురి ముఖం చూసింది. లొట్టి ఎత్తుకుని నన్ను దాటి విఠల్ డొప్పలో పోసింది. వరస కదిలింది.

బండి దగ్గరికి పోయాను. శ్రీలత వెనకే వచ్చింది.

"ఎక్కు, పోదాం" అన్నాను.

"యాడికి?"

"ఇంటికి. సూసినవ్ గదా."

"సూసిన. మూతి దాకా లేపింది గూడ సూసిన."

ఒళ్లు మండిపోయింది. "మీ అవ్వ ముందట ఇజ్జత్ పాయె. పది మందిల పగోణ్నయిన. ఇంకేం గావాలె నీకు?"

"తూము బందు గావాలె. నీళ్లింక వస్తనే ఉన్నయ్ గదా?"

ఇన్నేండ్లు ఆమె నా దగ్గర పీల్చిన వాసన, ఇప్పుడు ఆమె దగ్గర నేను పీలుస్తున్నాను. నోటిదాకా వచ్చిన బూతు మింగి కిక్కు కొట్టాను.

"నిమ్మలంగ పో" అంది వెనకనుంచి. అంతే.

మా ఊరి కల్లు దుకాణం దాటేటప్పుడు తలలన్నీ నా దిక్కు తిరిగాయి. డోంగ్లి కబురు ఫోన్లలో నాకంటే ముందే వచ్చి ఉంటుంది. ఆగకుండా మడి దగ్గరికే పోయాను. కాలువలో నీళ్లు సగానికి తగ్గాయి గానీ పారుతూనే ఉన్నాయి. జేబులో ఫోన్ గుర్రుమంది, 'ఈరోజు గెలిచారా?' అని. నొక్కలేదు.

పొద్దు ఇంకా బారెడుంది. ముడి వేయడానికి లేదు. దుకాణం ఇక్కడికి కేక దూరం. సుతిలి కొస మణికట్టుకు చుట్టుకుని, స్టార్టర్ డబ్బా కింద కూలబడి, పొద్దు దిక్కు చూస్తూ కూర్చున్నాను.