ముడి వేసిన దుప్పట్లు

మెక్సికోలో మా రరామురి జనం ఉండే కొండల్లో పరుగుపందేనికి దుప్పట్లు కాస్తారు. మా ఊరి దుప్పటి ఒకటీ, అవతలి ఊరిది ఒకటీ కలిపి పందెం నడిపే పెద్దమనిషి ముడి వేస్తాడు. గెలిచినవాళ్ళు జంటను ఎత్తుకుపోతారు. దేనికి ఎవరిది జతపడిందో ఆ హడావుడిలో ఎవరడుగుతారు? నేనూ అడగలేదు. ఇంట్లో ఉన్న ఒక్క దుప్పటీ ఇచ్చేశాను. నా మొగుడు సెరాపియో మీద నాకంత ధీమా. కొయ్యబంతిని తన్నుకుంటూ పగలంతా కొండచుట్టూ పరిగెత్తినా అతనికి ఆయాసమన్నది తెలియదు.

పరిగెత్తేవాడు పరాయి చేతి నీళ్ళు ముట్టడు. ఏ మందు కలుపుతారోనని భయం. వేయించిన మొక్కజొన్నపిండి కలిపిన నీళ్ళు సొంతవాళ్ళే పట్టాలి. సెరాపియోకి పట్టేది వాళ్ళన్న కోర్నెలియో.

ఆఖరి చుట్టుకి సెరాపియో చాలా ముందున్నాడు. సంతోషం పట్టలేక, నా దుప్పటిని ఒకసారి చూసుకుందామని పందెపు దుప్పట్ల కుప్ప దగ్గరికి వెళ్ళాను. దానికి కట్టి ఉన్నది నల్లచారల దుప్పటి. మూలన నిప్పురవ్వ పడ్డ చిల్లు. ఆ చిల్లు కుట్టింది నేనే. మా అత్త పోతూ పోతూ పెద్దకొడుక్కిచ్చిన దుప్పటి అది. నా ఒళ్ళు మండిపోయింది. తోడబుట్టినవాడు ఓడాలని అమ్మ దుప్పటి కాస్తాడా!

నేను పరుగున దారి మీదికి వచ్చేసరికి కోర్నెలియో సొరబుర్రలో నీళ్ళు అందిస్తున్నాడు.

"తాగకయ్యా! మీ అన్న అవతలివాళ్ళ వైపు కాశాడు!" అని అరిచాను.

కోర్నెలియో నవ్వాడు. "మొగుడు గెలుస్తుంటే మరదలికి మతి పోయినట్టుంది. పట్టు తమ్ముడూ, గొంతు తడుపుకో."

సెరాపియో నన్ను కసిరాడు. "ఊరుకోవే హసింతా. అన్న చెయ్యే కదా." గడగడా తాగేశాడు.

వాగు దాటకముందే కక్కుకున్నాడు. దారిలోనే కూలబడ్డాడు. అవతలివాడు బంతి తన్నుకుంటూ పక్కనుంచే పోయాడు.

గెలిచిన దుప్పట్ల జంట కోసం కోర్నెలియో వచ్చాడు, తల దించుకునే. సెరాపియో ఇంకా నేల మీదే పడున్నాడు.

"మీ దుప్పటి మీరే ఉంచుకోండి తమ్ముడూ. చలికాలం వస్తోంది," అని గొణుగుతూ ముడి విప్పబోయాడు.

"విప్పకు అన్నా," అన్నాడు సెరాపియో. "ఒకటి అమ్మ నేసింది, ఒకటి హసింతా నేసింది. రెండూ నువ్వే కప్పుకో. నిద్ర పడితే."

కోర్నెలియో రెండూ భుజాన వేసుకునే పోయాడు, సిగ్గులేనివాడు. ఆ చలికాలం మాకు కప్పుకోను ఏమీ లేదు. మొదటి మంచు పడ్డ రోజున సెరాపియో తన కొయ్యబంతిని తెచ్చి పొయ్యిలో పెట్టాడు.